ఏరి పారేసిన ఈగలు

పనీ పాటా లేనివాళ్లను ఈగలు తోలుకుంటున్నారని ఎగతాళి చేస్తారు. నాకు గవర్నమెంటు జీతమిచ్చి మరీ ఈగలు పట్టించింది. నా సర్వీసు ఆఖరి సంవత్సరాల్లో మా మనవరాలిని బళ్లో టీచరమ్మ "మీ ఇంట్ల ఎవరెవరు ఏమేం పని చేస్తరు?" అని అడిగితే, "మా అవ్వ ఈగలు లెక్కపెడ్తది" అని చెప్పిందట. క్లాసంతా ఘొల్లున నవ్విందట. నవ్వరా మరి!

కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలు కనిపించినప్పుడల్లా నన్ను పట్టుకుని "మీ సర్వీసుల జరిగిన గొప్ప సంగతి ఒకటి చెప్పుండ్రి" అంటారు. గొప్ప సంగతులు ఆఫీసర్ల దగ్గర ఉంటాయి, వాళ్లనడగండి. నా దగ్గరున్నది ఒక తప్పు. చిన్నదేం కాదు. ఒక పెద్దాయన కోళ్ల ఫారం మూతపడేదాకా తీసుకుపోయిన తప్పు.

మా పరిశోధనశాల శామీర్‌పేట పక్కన. నేను పురుగుల విభాగంలో టెక్నికల్ అసిస్టెంటును. అక్కడ నాకు పేరు తెచ్చింది ఈగలు కాదు, పెట్టెలు. ఎగ్జిబిషన్లలో అద్దాల పెట్టెల్లో సూదులకు గుచ్చి వరసగా పెట్టిన పురుగులు చూస్తారే, అవి. ఇరవై ఏళ్లు ఆ పనే చేశాను. నాకు పని నేర్పిన పెద్దసారు మొదటిరోజే చెప్పారు. "రెక్క చిరిగినా, కాలు విరిగినా, ఒంటికి మురికి అంటినా అది మనకు పనికిరాదమ్మా." ఆ మాట వేదంలా పట్టుకున్నాను. సీతాకోకచిలుక మీసం కొస విరిగినా నా పెట్టెలోకి రానిచ్చేదాన్ని కాదు. వంద పురుగులు ముందు పోస్తే పది మంచివి ఏరడానికి నాకు రెండు నిమిషాలు చాలు. దాని మీద నాకు పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు!

తర్వాత పెట్టెల పని తగ్గిపోయి, నన్ను ఒక మేడం దగ్గర వేశారు. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది. గోదావరి వైపు పిల్ల, నాగారంలో కాపురం. పెద్ద చదువు చదివింది గానీ గర్వం లేదు, నన్ను అక్కా అని పిలిచేది. ఆమె పరిశోధన నల్లుల మీద.

నల్లులంటే మంచంలో ఉండేవి కావు. సాలీళ్లకు దూరపు చుట్టాలు, ఎనిమిది కాళ్లు, గసగసం గింజలో సగం ఉంటాయి. ఈ జాతి నల్లి ఈగ పొట్ట కింద కరుచుకుని సవారీ చేస్తుంది. దారిలో వీలైతే ఈగ ఒంట్లో రసం కూడా పీలుస్తుందని మా మేడం అనేది. ఈగ పెంటకుప్ప మీద గుడ్లు పెట్టడానికి వాలగానే ఇది దిగి ఆ గుడ్లను తినేస్తుంది. తనను మోసుకొచ్చిన తల్లి పిల్లలనే తినే ప్రయాణికురాలన్నమాట. వింటే మనసు చివుక్కుమంటుంది గానీ, మందు కొట్టకుండా ఈగల్ని తగ్గించాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

ఈ ఉపాయం కావలసి వచ్చింది రావల్కోల్‌లో ఒక భాయ్‌కి. అరవై ఐదు దాటిన మనిషి, గుడ్ల కోళ్ల షెడ్లు మూడున్నాయి. నలభై ఏళ్లుగా ఆయనా, ఆయన భార్యా ఆ కోళ్ల మీదే బతికారు. షెడ్లు కట్టినప్పుడు చుట్టూ జొన్నచేలు. ఇప్పుడు గోడ అవతలే కాలనీ. కాలనీలో ఎక్కువమంది కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్లు. వాళ్ల కాలనీ సెక్రటరీ గారి గృహప్రవేశానికి చుట్టాలకన్నా ముందు ఈగలు వచ్చాయట. "విస్తట్లో అప్పడం మీద చెయ్యి వెయ్యబోతే అప్పడం కదిలిందండీ!" అని ఆయన నాతోనే అన్నారు. పాపం, ఆ మనిషిని తప్పుపట్టడానికి లేదు. వాళ్లు మండలానికి పోయి కంప్లయింట్ ఇచ్చారు. ఆఫీసరు వచ్చి చూసి, మూడు నెలల్లో ఈగలు తగ్గకపోతే షెడ్లు మూయించేస్తానని భాయ్‌కి చెప్పిపోయాడు. మా మేడం ఆ సంగతి తెలిసి, నల్లులతో ప్రయత్నిస్తామని ముందుకొచ్చింది.

భాయ్‌కి మేమంటే మొదట్లో నమ్మకం లేదు. నల్లులున్న పాత పెంటను గోనెసంచుల్లో తెచ్చి దింపుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అరె చెల్లె, ఉన్న ఈగలు సాలవా, ఇగ నల్లుల్ని గూడ తెస్తివి? కోళ్లకు పడితే నేనేడికి పోవాలె?"

"కోళ్ల జోలికి రావు భాయ్. ఈగ గుడ్లే తింటయ్."

"పక్కానా?"

"పక్కా."

"సూడు మల్ల. గీ షెడ్లు పోతే నాకు ఇంకో పని రాదు. గీ వయసుల నన్నెవడు పెట్టుకుంటడు పనికి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు నవ్వలేదు.

ఇక నా పని. ప్రతి సోమవారం పోయి వలతో ఈగల్ని పట్టి, ఐస్ డబ్బాలో వేసుకొచ్చేదాన్ని. చల్లదనానికి అవి స్పృహ తప్పి పడి ఉంటాయి. అందులోంచి నలభై ఈగల్ని తీసి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కదాని మీద ఎన్ని నల్లులున్నాయో లెక్కపెట్టి రిజిస్టర్లో రాయాలి. మిగతావి స్పిరిట్ పోసిన పాత పచ్చడి సీసాలో వేసేదాన్ని.

మొదటి వారం సున్నా. సరే, ఇప్పుడే కదా వదిలాం అనుకున్నాం. రెండో వారం సున్నా. మూడో వారం సున్నా. నాలుగో వారం ఒక ఈగ మీద ఒకే ఒక్క నల్లి. మా మేడం ఆ ఒక్కదానికే సంతోషపడి క్యాంటీన్ నుంచి మిర్చిబజ్జీలు తెప్పించింది. ఐదో వారం మళ్లీ సున్నా.

"ఒక్కటి కూడా కనిపించలేదా అక్కా?" అని అడిగింది.

నాకు చుర్రుమంది. "నా కండ్ల మీద నమ్మకం లేదా మేడం?"

"అయ్యయ్యో, అలాక్కాదక్కా! ఊరికే అడిగాను." ఆ తర్వాత మళ్లీ అడగలేదు. అడగనిచ్చే మొహం నేను పెట్టలేదు మరి.

ఆరో వారం అనుకుంటా, నేను వల దులుపుకుంటుంటే భాయ్ నా దగ్గరికి వచ్చాడు. మనిషి హుషారుగా ఉన్నాడు.

"చెల్లె, ఈగలు తగ్గినయ్. నీ నల్లులు పనిజేస్తున్నయ్."

"ఎట్ల తెలుసు?"

"మా ఇంటామె చాయ్ గిలాస మీద మూత పెట్టుడు బంద్ జేసింది."

నేనేమన్నానో తెలుసా? "భాయ్, మీ చాయ్ గిలాసను సూసి రిపోర్ట్ రాయరు. నా రిజిస్టర్ల పడాలె" అన్నాను. రిజిస్టర్లో పడడం నా చేతిలో పని అని అప్పుడు తోచలేదు. ఆయన "హౌ చెల్లె, నువ్వు సదువుకున్నదానివి" అని ఊరుకున్నాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఎనిమిది వారాలు గడిచాయి. రిజిస్టర్లో ఆ ఒక్క నల్లి తప్ప అన్నీ సున్నాలే. మేం మొదలుపెట్టేసరికే గడువులో నెల పోయింది, అది ముగిసే శనివారం నాడు ఆఫీసరూ, కాలనీవాళ్లూ ఫారం చూడ్డానికి వస్తున్నారు. మా మేడం గురువారం సాయంత్రం బరువెక్కిన మనసుతో మండలానికి రిపోర్టు పంపేసింది. నల్లులు నిలదొక్కుకోలేదు, ప్రయోగం ఫలించలేదు, ఇదీ సారాంశం. భాయ్‌కి ఫోన్ చేసి, "ఇక మందు కొట్టించుకోండి భాయ్, శనివారం వాళ్లొచ్చేసరికి కొంతైనా తగ్గి కనిపిస్తాయి" అని కూడా చెప్పింది. మందు కొడితే ఈగలు నాలుగు రోజులు తగ్గి, మళ్లీ రెట్టింపు వస్తాయని ఆమెకూ తెలుసు. కానీ ఆయనకు చెప్పడానికి ఇంకేం మిగల్లేదు.

శుక్రవారం పొద్దున నేను లాబులో బల్ల సర్దుతున్నాను. పని అయిపోయింది కదా, ఆ పచ్చడి సీసా పారబోసి కడిగేద్దామని చేతిలోకి తీసుకున్నాను. అడుగున గోధుమరంగులో ఏదో పేరుకుని ఉంది. ఆవపిండేమో, సీసా సరిగ్గా కడక్కుండా వాడానా, ఇన్నేళ్ల అనుభవం ఏట్లో కలిసిందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఎందుకైనా మంచిదని ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఎనిమిది కాళ్లు. ఎటు జరిపినా ఎనిమిది కాళ్లే. చుక్కలో డజన్ల కొద్దీ.

ఇంకో చుక్క తీసి పెట్టాను, అందులోనూ అవే. విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నలభై ఈగల్ని తియ్యమంటే నేను తియ్యలేదు, ఏరాను. ఇరవై ఏళ్ల అలవాటు. నల్లులెక్కిన ఈగ బరువుకు సరిగ్గా ఎగరలేదు, గోడలకు కొట్టుకుంటుంది, రెక్కలు చిరుగుతాయి, పొట్ట కింద మురికి పట్టినట్టు కనిపిస్తుంది. మైక్రోస్కోపు దాకా రాకముందే, నేను వట్టి కంటితోనే "ఛీ, ఇది బాగాలేదు" అని వాటిని పక్కకు నెట్టేశాను. శుభ్రంగా, నిగనిగలాడే ఈగల్ని మాత్రం అద్దం కింద పెట్టి, వాటి మీద నల్లులు లేవని ఎనిమిది వారాలు చక్కటి అక్షరాలతో రాశాను. ఊళ్లో జ్వరాలున్నాయా అని తెలుసుకోవడానికి పోయి, ఆడుకుంటున్న పిల్లల్ని మాత్రమే పలకరించి వచ్చినట్టు!

సింకు రెండడుగుల దూరంలో ఉంది. సీసా వంపేసి కొళాయి తిప్పితే కథ ముగిసిపోతుంది. చూసినవాళ్లు లేరు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు ఆ రోజు దాకా. నేనొక నిమిషం అలాగే నిలబడ్డాను. నిమిషమే అని ఇప్పుడంటున్నాను, ఐదు కూడా అయ్యుండొచ్చు. అంతలో భాయ్ భార్య చాయ్ గిలాస గుర్తొచ్చింది. ఆమె నాకన్నా బాగా లెక్కపెట్టింది కదా అనిపించి ఏడుపొచ్చింది. సీసా పట్టుకుని మేడం గదికి పోయాను.

ఆమె సీసా చూసింది, మైక్రోస్కోపులో చూసింది, నా మొహం చూసింది. ఫోన్ తీసుకుని భాయ్‌కి కలిపింది. ఎత్తలేదు. మళ్లీ కలిపింది. ఎత్తలేదు.

"పొద్దున్నే మందు కొట్టిస్తానన్నారక్కా" అంది. "పదండి."

జీపులో అత్వెల్లి దాకా వచ్చి లారీల వెనక ఇరుక్కున్నాం. నేను డ్రైవరును తిట్టాను, లారీలను తిట్టాను, ఆ రోడ్డు వేసినవాణ్ణి తిట్టాను. మేడం ఫోన్ కలుపుతూనే ఉంది. ఫారం గేటు దగ్గర దిగేసరికి మోటారు చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడులో ఫోను ఎవరికి వినబడుతుంది! రెండు షెడ్లు అప్పటికే తడిసి, మందు వాసన గుప్పుమంటోంది. పైపు మూడో షెడ్డు గడప దగ్గరికి చేరింది.

"ఆపుండ్రి! ఓ భాయ్, ఆపుమను!" అని అరుస్తూ పరుగెత్తాను. ఎనిమిది వారాలు పెంట కుప్ప దగ్గరికి పోతే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచినదాన్ని, ఆ రోజు మోకాళ్ల దాకా పూసుకున్నాను. మందు కొట్టే మనిషి నన్ను చూసి పిచ్చిదేమో అనుకుని మోటారు ఆపాడు.

భాయ్ మొహానికి కట్టుకున్న రుమాలు కిందికి లాగాడు. "ఏమైంది చెల్లె? గింత పరేషాన్ ఎందుకున్నవ్?"

చెప్పాను. దాచకుండా మొత్తం చెప్పాను. సగంలో మేడం ఏదో నా తరఫున చెప్పబోతే వద్దన్నాను.

"అంటే, నల్లులున్నయా?"

"ఉన్నయ్ భాయ్."

"నేను జెప్పలేదా?"

"చెప్పినవ్."

ఆయన తడిసిన రెండు షెడ్ల వైపు చూశాడు. "మరి గవ్వాటిల?"

"గవి చచ్చిపోయుంటయ్."

ఆయన గోనెసంచి మీద కూర్చున్నాడు. మందు మనిషితో "నక్కో, ఇగ బంద్ కరో" అన్నాడు. నాతో ఏమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

శనివారం వచ్చింది. ఆఫీసరు, కాలనీ సెక్రటరీ గారు, ఆయన వెంట ఇద్దరు ముగ్గురు, ముక్కుకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని ఫారంలోకి వచ్చారు. రిపోర్టు కాగితం ఆఫీసరు చేతిలో ఉంది. ఇక సంతకం పెట్టడమే తరువాయి. జరిగింది నేను చెప్పేస్తానని మేడంతో ముందే అన్నాను. నిలబడి చెప్పాను. ఇరవై ఏళ్ల పెట్టెల సంగతి దగ్గర మొదలుపెట్టి పచ్చడి సీసా దాకా.

సెక్రటరీ గారు ఓపిగ్గా విన్నారు. "అమ్మా, మీరు చెప్పింది బాగానే ఉందండీ. కానీ ఎనిమిది వారాలు చూసి లేవన్నారు, ఒక్క రాత్రిలో ఉన్నాయంటున్నారు. ఏది నమ్మమంటారు?"

న్యాయమైన ప్రశ్న. "నన్ను నమ్మకండి సార్. ఈగల్ని నేను పట్టుకొస్తా. ఏవి చూడాల్నో మీరే తియ్యండి" అన్నాను.

మూడో షెడ్డులోకి పోయి, కుప్ప మీద మూడుసార్లు వల తిప్పి, దొరికినవన్నీ ఐస్ డబ్బాలో పోశాను. ప్లాస్టిక్ టేబుల్ మీద మైక్రోస్కోపు పెట్టాం. సెక్రటరీ గారు భాయ్ ఇంట్లోంచి ఒక చెంచా తెప్పించుకుని, మొహం పక్కకు తిప్పుకుని, డబ్బాలోంచి ఒక్కో ఈగను తీసి పళ్లెంలో వెయ్యడం మొదలుపెట్టారు. నేను చూసి చెప్పడం, తర్వాత ఆయన కూడా చూసి సరేననడం.

సున్నా. సున్నా. సున్నా.

పది ఈగలయ్యాయి. పదీ ఖాళీ. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. పదిహేను. ఖాళీ. నల్లులు లేకపోతే? నేను సీసాలో చూసిన నల్లులు మూడో షెడ్డువి కాకుండా మిగతా రెండు షెడ్లవే అయితే? భాయ్ గోడకానుకుని నా వైపే చూస్తున్నాడు. ఇరవై. ఇరవై ఒకటి. కాలనీవాళ్లలో ఎవరో "ఇంకెంతసేపండీ" అన్నారు.

తర్వాతి ఈగ చెంచాలోంచి పళ్లెంలో పడింది. ఎడమ రెక్క చిరిగింది. పొట్ట కింద మట్టి అంటినట్టు ఉంది. నా వేలు దానంతటదే లేచి దాన్ని పక్కకు నెట్టబోయింది! నిజం చెబుతున్నాను పిల్లలూ, అంత జరిగిన తర్వాత కూడా, అందరి ముందూ, నా వేలు ఆ ఈగను పారెయ్యబోయింది. నేను చూసుకుని చెయ్యి వెనక్కు లాక్కున్నాను. అది భాయ్ కూడా చూశాడు.

దాన్ని వెల్లకిలా తిప్పి అద్దం కింద పెట్టాను. లెక్కపెట్టాను. సెక్రటరీ గారిని రమ్మని చేత్తో పిలిచాను.

ఆయన వంగి చూశారు. చూస్తూనే ఉన్నారు. "ఓరి నాయనో! ఇదేంటండీ, బస్సు మీద జనంలా ఉన్నారు! మీకెన్నొచ్చాయమ్మా?"

"పదిహేడు సార్."

"కాదండీ, పద్దెనిమిది. రెక్క కింద ఇంకొకడు దాక్కున్నాడు." ముక్కు మీది రుమాలు ఎప్పుడు తీసేశారో ఆయనకే తెలియదు.

ఆ తర్వాత చూసిన ఎనిమిదింట్లో ఇంకో రెండు దొరికాయి, ఒకదాని మీద తొమ్మిది, ఒకదాని మీద పన్నెండు. మిగతావి ఖాళీ.

ఆఫీసరుకు ఇంకా సందేహమే. "ముప్పై ఈగల్లో మూడింటి మీదే ఉన్నాయి. ఇరవై ఏడు ఖాళీ. దీనివల్ల ఏం లాభం?"

మేడం ఇంగ్లీషులో మొదలుపెట్టబోయింది. నేను అడ్డం పడ్డాను. ఆ రోజు నాకు ఎవరి మీదా భయం లేదు. "సార్, మేడ్చల్‌ల షేర్ ఆటోల అడ్డ సూసిండ్రా? ఒక ఆటోల పద్నాలుగు మంది వేలాడ్తరు, ఎనకున్న మూడు ఆటోలు ఖాళీగుంటయ్. ఎందుకు? జల్దీ కదిలేది గదే గనుక. నల్లులు గూడ గంతే. ఊకె తిరిగే ఈగల్ని ఎక్కయ్. గుడ్లు పెట్టనీకి కుప్ప మీదికి పొయ్యే ఆడ ఈగల్నే ఎక్కుతయ్. మనకు గావాల్సింది గా ఈగలే గద సార్!"

మేడం నవ్వు ఆపుకుంటూ, "ఆవిడ చెప్పిందే నా సైన్సండీ" అంది. అప్పుడు భాయ్ కదిలాడు. ఒక కర్ర తీసుకుని, అందరినీ మూడో షెడ్డులోకి పిలిచి, పెంటకుప్పను పైపైన గీరాడు. ఆ గీతలో గోధుమరంగు చుక్కలు పరుగులు పెట్టాయి. పక్కన, మందు కొట్టిన షెడ్డులోకి పోయి అక్కడా గీరాడు. ఏదీ కదల్లేదు. కర్ర అక్కడ పెట్టేశాడు.

ఆఫీసరు సంతకం పెట్టలేదు. ఇంకో మూడు నెలలు గడువిచ్చాడు. మూడో షెడ్డు పెంట నుంచి నల్లుల్ని మిగతా రెండింటికీ పాకించాలని మేడం పద్ధతి రాసిచ్చింది. మందు ఘాటు పోయేదాకా ఆగి, తడిసిన పెంటను పైపైన తీసేసి, దాని మీద మూడో షెడ్డు పాత పెంట పరచాలి. రెండు నెలలు ఆ రెండు షెడ్ల ఈగలు మమ్మల్ని చంపుకుతిన్నాయి. కాలనీవాళ్లు మళ్లీ మండలానికి పోతామంటే వాళ్లను ఆపింది సెక్రటరీ గారే. ఆయనకు నల్లుల పిచ్చి పట్టింది. సాయంత్రం వాకింగుకని బయల్దేరి నేరుగా ఫారానికి వచ్చి, భాయ్ పక్కన కూర్చుని కుప్ప గీరి చూసేవారు. నల్లి ఫొటో పెద్దది చేసి కాలనీ వాట్సాప్ గ్రూపులో "మన మిత్రుడు" అని పెట్టారు. అది చూసి రెండో వీధిలో ఒకావిడ, పరుపుల్లో నల్లులు పడ్డాయని హడావుడిగా ఇల్లంతా మందు కొట్టించుకుంది.

గడువు ముగిసేసరికి మూడు షెడ్లలోనూ నల్లులు తిరిగాయి, ఈగలు తగ్గాయి. ఫారం ఇప్పటికీ ఉంది. గుడ్లు కాలనీవాళ్లే కొంటున్నారు.

మీరు ఇప్పుడు ఫోనుతో ఫొటో తీసి, కంప్యూటరుతో లెక్కపెడతారు. మంచిదే. కానీ ఫొటో తియ్యడానికి ఏ ఈగను ముందు పెట్టాలో ఇంకా మీ వేలే చెబుతుంది. ఆ వేలు మీద ఒక కన్నేసి ఉంచండి. చిరిగినవీ, మాసినవీ, కుంటివీ మీ బల్ల మీదికి రాకపోతే, అవి లోకంలో లేవని రాసెయ్యకండి. ఇంతకు మించి నీతులు నాకు చేతకావు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. పెంట మోసే పని మొదలైంది మందు ఘాటు తగ్గాక, పై వారం ఆదివారం నాడు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, అది నా డ్యూటీ కాదు. పాత చీర కట్టుకుని పొద్దున్నే పోయి, తట్టలు మోసే ఆడవాళ్ల వరసలో నిలబడ్డాను. మందు కొట్టిన శుక్రవారం నుంచి భాయ్ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సలాం కొడితే తల ఊపేవాడు, అంతే. ఆ రోజు తట్టలు నింపి ఎత్తుతున్నది ఆయనే. నా వంతు వచ్చింది. నెత్తి మీద చుట్టబట్ట సరిచేసుకున్నాను. ఆయన తట్ట ఎత్తి, నా నెత్తిన పెట్టి, చేతులు తియ్యకుండా అలాగే పట్టుకుని అన్నాడు.

"చెల్లె, గా రెండు షెడ్లు నువ్వే ముంచినవ్. గీ ఒక్కటి నువ్వే నిలవెట్టినవ్. నేను రెండూ మర్వ."

తట్ట బరువుకు తల ఊపడానికి వీల్లేదు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ పైనే ఉన్నాయి. "మర్వకు భాయ్" అని, రెండో షెడ్డు వైపు నడిచాను.